కలెక్టర్‌కు తీసిన రెండు ఫొటోలు

చిక్కడపల్లిలో గుడి వెనక సందులో ఉన్న కుక్కల దవాఖానలో రాజేశం చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఎక్స్‌రే బల్ల మీదికి వచ్చిన జంతువును కదలకుండా పట్టుకోవడం, కాలితో మీట నొక్కడం, చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ఫిల్మును కడిగి తీగకు ఆరవేయడం. సీసం పొరలు కుట్టిన అప్రాన్ పొద్దంతా భుజాల మీద ఉండేసరికి సాయంత్రానికి మెడ పట్టేసేది. చేతులకు మందునీళ్ల పులుపు వాసన అంటుకుని ఎంత కడిగినా పోయేది కాదు.

అయితే ఆ పనిలో అతనికి తనదైన పద్ధతి ఒకటి ఉండేది. జంతువును బల్ల మీదికి ఎత్తే ముందు దాన్ని ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగేవాడు. కార్డు మీద రాసిన పేరు కాదు, నోటి నిండా పిలిచే పేరు. కార్డులో సీజర్ అని ఉంటుంది, ఇంట్లో బుజ్జిముండ అంటారు. ఆ పేరుతోనే, ఆ ఇంటి యాసతోనే చెవి దగ్గర వంగి మాట్లాడుతుంటే వణుకుతున్న కుక్క కాసేపటికి బల్ల మీద గడ్డం ఆనించి పడుకునేది. గాంధీనగర్ నుంచి వచ్చే కోస్తా ఇళ్ల కుక్కలతో “పడుకో నాన్నా, అయిపోయింది నాన్నా” అని అతను అంటుంటే, చిట్టీలు ఇచ్చే నవనీత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది.

“రాజేశమన్నా, బయట జై తెలంగాణ, లోపట పడుకో నాన్ననా?”

“భయమైతున్నప్పుడు ఎవలకైనా ఇంటి మాట వినాలనిపిస్తది చెల్లె. ఉద్యమం బయట చేస్త, కుక్క మీద కాదు.”

జగిత్యాల అవతలి పల్లె నుంచి గ్రూప్ టూ రాయడానికి అశోక్‌నగర్‌కు వచ్చినవాడు రాజేశం. రెండుసార్లు రాశాడు. ఆ తర్వాత నోటిఫికేషన్లు ఆగిపోయాయి. మళ్లీ వచ్చేదాకా చేద్దామని ఈ పనిలో చేరాడు. ఆ ‘వచ్చేదాకా’ అనడం ఎప్పుడు మానేశాడో అతనికే గుర్తు లేదు.

అతను ఉండే హాస్టల్ పక్కనే, సుందరమ్మ గారి ఇంటి కింది భాగం కిరాయికి తీసుకుని రామక్క మెస్ నడిపేది. మెదక్ వైపు మనిషి. గట్టి గొంతు, గట్టి చెయ్యి. పప్పు రెండోసారి అడిగినవాడిని “మీ అత్తగారిల్లనుకున్నవా?” అంటూనే గరిటెడు వేసేది. పరీక్షకు పోయే ప్రతి పిల్లవాడి నోట్లోనూ పొద్దున్నే పెరుగు చక్కెర పెట్టి పంపడం ఆమె పెట్టుకున్న ఆనవాయితీ. వాళ్ల అమ్మలు ఊళ్లో ఉన్నారు, ఆ చెయ్యి నాదే అయితే ఏం పోయింది అనేది. పరీక్షే కానక్కర్లేదు. ఇంటర్వ్యూకు పోతున్నా, పిల్లను చూడ్డానికి పోతున్నా సరే. రాజేశం గదిలో ఉండే ప్రేమ్‌సాగర్ ఓసారి పన్ను పీకించుకోవడానికి బయల్దేరితే, వాచిన దవడను పక్కకు నొక్కి మరీ చెంచా పెట్టింది. ఆమె దృష్టిలో అది తిండి కాదు. ఇంట్లోంచి కాలు బయట పెట్టేవాడి వెంట పంపే తోడు.

ఆ మెస్ గడప దగ్గరే ఉండేవాడు కలెక్టర్. గోధుమరంగు వీధికుక్క. ఒక చెవి నిలబడి ఉంటే ఒకటి వాలి ఉండేది. సెంట్రల్ లైబ్రరీ గేటు ముందు, చదువుకునేవాళ్ల సంచుల మధ్య పెరిగింది. పేరు పెట్టింది ప్రేమ్‌సాగర్. “ఇన్నేండ్ల సంది ఈ గల్లీల చదువుతున్నం. ఎవడన్న ఒక్కడు కలెక్టర్ కావాలె గద. వీడైండు.” అప్పటి నుంచి గల్లీలో అందరూ దాన్ని మనిషిని అన్నట్టే ‘వాడు’ అనేవారు. రామక్క ఇంకో మెట్టు పైకి పోయి ‘కలెక్టర్ సారు’ అనేది. అందరి ప్లేట్లు ఎత్తాక ఆ సారుకు సత్తు పళ్లెంలో అన్నం కలిపి పెట్టి, తను తినడం కూడా అప్పుడే మొదలుపెట్టేది. ఒంటిగా తినడం ఆమెకు చేతకాదు.

సకలజనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, ఆఫీసులు లేవు. ఆటో నడిపే మొగిలయ్య మధ్యాహ్నం మెస్‌లో తిని, బండిని సందులో వెనక్కి తిప్పుతున్నాడు. నీడలో పడుకున్న కలెక్టర్ లేచేలోగా వెనక చక్రం వాడి నడుం పక్కన తగిలింది. వాడి అరుపు విని మొదట పరుగెత్తినవాడు మొగిలయ్యే. ఎత్తబోతే చేయి కరిపించుకున్నాడు కూడా.

“కండ్లు నెత్తికెక్కినయా నీకు?” అంటూ రామక్క గరిటెతోనే బయటికి వచ్చింది.

“అక్కా, సూడలే అక్కా. మా అమ్మ తోడు సూడలే.”

“ఇంకోపారి నా గడప తొక్కకు.”

కలెక్టర్ వెనక కాలు ఈడుస్తున్నాడు. ముట్టుకుంటే మూలుగుతున్నాడు. ఆ సాయంత్రం రాజేశం డాక్టర్ సుధీంద్రకు సంగతి చెప్పాడు. నెమ్మదైన మనిషి ఆయన. అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు.

“తుంటి ఎముక చూడాలంటే కాళ్లు రెండూ బాగా చాపి తీయాలి రాజేశం. ఆ నొప్పితో చాపనివ్వదు. మత్తు ఇవ్వాలి. నీకు తెలుసుగా, రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదు. ఆ ఇంజెక్షన్‌కు వాంతి రావచ్చు. కడుపులో ఏమైనా ఉంటే, మత్తులో ఉన్న కుక్క దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీల్చేస్తుంది. కాలి కోసం వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.”

కలెక్టర్ విషయంలో అసలు భయం అదే. వాడు ఒక ఇంటి కుక్క కాదు. హాస్టల్‌లో ఒకడు బిస్కెట్ వేస్తాడు, టీ బండి దగ్గర ఇంకొకడు బన్ను తుంచి పెడతాడు. అందుకని రాజేశం ఆ రాత్రి వాడిని ఎత్తుకెళ్లి తన గదిలోనే కట్టేశాడు. మేడ మీద పిల్లలకు గది గదికీ పోయి చెప్పాడు. చివరికి మెస్‌లోకి వచ్చి రామక్కకూ చెప్పాడు.

“అన్నం పెట్టకు. పాలు పొయ్యకు. ఖాళీ కడుపుతోనే పోవాలె. లేకుంటే పానానికే పరేషానయితది.”

“నాకు చెప్తున్నవా? ఒక్క మెతుకు పెడితే అడుగు.”

మాట తప్పే మనిషి కాదు రామక్క.

పొద్దున రాజేశం కలెక్టర్‌ను కిందికి దించుకొచ్చేసరికి సందు మొదట్లో మొగిలయ్య ఆటో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. దవాఖానకు తీసుకెళ్లే సంగతి రాత్రే విన్నాడట. కిరాయి వద్దు, నేనే తీసుకపోత అన్నాడు.

“వాని బండి ఎక్కనియ్య,” అంది రామక్క. “నడుం మీద ఎక్కించింది చాలదా?”

వాదించే సమయం కాదు. రాజేశం తాడు ఆమె చేతికి ఇచ్చి ఇంకో ఆటో కోసం నారాయణగూడ చౌరస్తా వైపు పోయాడు. సమ్మె రోజుల్లో ఖాళీ ఆటో దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. దొరికించుకుని తిరిగి వచ్చేసరికి కొంత పొద్దెక్కింది. కలెక్టర్ గడప దగ్గర గోనెసంచి మీద పడుకుని ఉన్నాడు. నుదుట కుంకుమ బొట్టు.

“ఏందక్కా, పెండ్లికొడుకును చేసినవ్?”

“పెద్ద పనికి పోతున్నడు గద,” అని రామక్క చెంగుతో కళ్లు తుడుచుకుంది.

రాజేశం నవ్వి వాడిని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాడు. బొట్టు చూసినవాడికి పెరుగు గిన్నె గుర్తుకు రావద్దా అని ఆ తర్వాత తనను తాను ఎన్నిసార్లు అడుక్కున్నాడో లెక్క లేదు. తన నోట్లో అదే చేత్తో, అదే గడప మీద, ఎన్నో పొద్దులు పెరుగు చక్కెర పెట్టించుకున్నవాడు అతను.

“ఏమీ పెట్టలేదుగా?” అని డాక్టర్ అడిగాడు.

“లేదు సార్. రాత్రంత నా రూముల్నే కట్టేసిన.”

సూది వేశారు. కలెక్టర్ తల వాలింది. కళ్లు మూతపడుతుండగా పొట్ట ఒక్కసారి ఎగిరి పడింది. నోట్లోంచి తెల్లగా వచ్చింది. రాజేశం గబుక్కున తల కిందికి వంచి, నోరు తెరిచి వేళ్లతో తుడిచాడు. డాక్టర్ గొట్టం పెట్టి గొంతులోంచి లాగాడు. ఇద్దరూ చేయగలిగిందంతా చేశారు. బల్ల తుడుస్తుంటే రాజేశం ముక్కుకు పెరుగు వాసన తగిలింది. వేలికి అంటినదాంట్లో ఇంకా కరగని పలుకులు గరగరలాడాయి.

“ఖాళీ కడుపే అన్నావు కదయ్యా,” అన్నాడు డాక్టర్. కోపంగా కూడా కాదు.

రాజేశం బల్ల తుడుస్తూనే ఉన్నాడు.

మత్తు ఎలాగూ ఎక్కింది, ఫొటో తీసేద్దామన్నాడు డాక్టర్. తుంటి ఫొటో తీశాడు. చీకటి గదిలో మందునీళ్లలో ఆ ఫిల్మును ఆడిస్తుంటే, కలెక్టర్ ఎముకలు మెల్లగా బయటికి వచ్చాయి. లైటు పెట్టె మీద పెట్టి డాక్టర్ చాలాసేపు చూశాడు. ఎముకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకచోట వెంట్రుక మందం చీలిక, అంతే.

“కట్టేసి ఉంచండి, దానంతటదే అతుక్కుంటుంది. వాడికి కాలితో ఏ బాధా లేదు,” అన్నాడు. ఆగి, “ఊపిరి మాత్రం కనిపెట్టుకుని ఉండు. దగ్గితే వెంటనే తీసుకురా,” అన్నాడు.

కాలు విరగలేదన్న కబురుకు ఆ రోజు మెస్‌లో అందరికీ సేమియా పాయసం దక్కింది. రాజేశం గిన్నె ముందు కూర్చుని కలెక్టర్ పక్కటెముకల వైపే చూస్తూ ఉన్నాడు.

మర్నాడు దగ్గు మొదలైంది. ఆ మర్నాడు వాడు తల ఎత్తలేదు. ఒళ్లు కాలిపోతోంది. ఈసారి ఆటో కోసం ఆగలేదు రాజేశం, దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని చిక్కడపల్లి దాకా నడిచాడు. ఛాతి ఫొటోకు మత్తు అక్కర్లేకపోయింది. కదిలే ఓపిక వాడికి లేదు. అయినా రాజేశం తన పద్ధతి మానలేదు. చెవి దగ్గర వంగి రామక్క మాటలోనే అన్నాడు.

“కలెక్టర్ సారూ, జర లేవకుండ్రి. అయిపాయె సారూ, అయిపాయె.”

వాలిన చెవి కొద్దిగా కదిలింది.

గాలి నిండిన ఊపిరితిత్తులు ఫిల్ములో నల్లగా ఉండాలి. పైభాగం నల్లగానే ఉంది. కింద రెండు వైపులా తెల్లగా కమ్ముకుని ఉంది. అలాంటి ఫిల్ములు రాజేశం ఎన్నో కడిగాడు. అది తీగకు తగిలిస్తుంటే నీళ్లు కారుతున్నది ఫిల్ము నుంచో కళ్ల నుంచో చూసుకోలేదు. మందులు ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నం ఎండ ఎక్స్‌రే గది గుమ్మం దాకా వచ్చేసరికి వాడి పొట్ట ఆడడం ఆగిపోయింది.

రామక్క పొయ్యి ఆర్పేసి వచ్చింది. వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఏడుపు మధ్య డాక్టర్‌ను సూటిగా అడిగింది.

“కాలుకు గద సారూ తగిలింది. ఊపిరెందుకు పోయింది?”

సుధీంద్ర నోరు తెరిచాడు. అంతలో రాజేశం అందుకున్నాడు.

“లోపల దెబ్బ తాకిందట అక్కా. ఆటో తగిలినప్పుడే. ముందుగాల తెల్వలే.”

డాక్టర్ అతని ముఖంలోకి చూశాడు. చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ లోపలికి పోయాడు.

రామక్కను కాపాడానని ఆ క్షణంలో రాజేశం అనుకున్నాడు. అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు. ఆమె పెట్టిన చెయ్యి ఆమెకు తెలియకుండా ఉంటే చాలు అనుకున్నాడు. ఆ మాట పోయి ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించలేదు.

పడింది. కలెక్టర్‌ను చంపినవాడుగా మొగిలయ్య పేరు గల్లీ అంతా స్థిరపడిపోయింది. ప్రతి పూటా మెస్‌లో ఎవరో ఒకరు కలెక్టర్ మాట ఎత్తేవారు, రామక్క మొగిలయ్యను తిట్టి ఏడ్చేది. అతను ఒకటి రెండుసార్లు సందు మొదట్లోకి వచ్చి నిలబడి, ఎవరూ పలకరించకపోయేసరికి వెళ్లిపోయాడు. రాంనగర్ వైపు హోటల్ ముందు ఆటోలోనే కూర్చుని బన్ను చాయ్‌లో ముంచుకుని తింటుండగా రాజేశం ఒకసారి చూశాడు. పలకరిద్దామనుకుని కూడా తల దించుకుని రోడ్డు దాటాడు.

సత్తు పళ్లెం రామక్క బోర్లించి పెట్టింది. అందరూ పోయాక ఆమె తినడం నిలబడే కానిచ్చేది.

దవాఖానలో రాజేశం మాటకు మాత్రం ఒక తోక వచ్చి చేరింది. మర్నాడు మత్తు ఇవ్వాల్సిన జంతువు ఏదైనా వస్తే, ఇంటివాళ్లకు జాగ్రత్తలు చెప్పే పని అతనిదే. అన్నం వద్దు, పాలు వద్దు, నీళ్లు వద్దు అన్నాక ఒక క్షణం ఆగేవాడు. “మంచి జరగాలని నోట్ల పెరుగు చక్కెర కూడ పెట్టద్దు” అనేవాడు. విన్నవాళ్లు నవ్వేవారు. నవ్వినా చెప్పేవాడు.

మరుసటి ఏడాది, రామక్క మెస్ ఉన్న ఇంటావిడ సుందరమ్మ గారు తన బొచ్చుకుక్క పండును దవాఖానకు తెచ్చింది. దాని పొట్టలో గడ్డేదో చేతికి తగులుతోంది. స్కానింగు చేసి, మత్తిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు డాక్టర్. రేపు పొద్దున రమ్మన్నారు. రాజేశం పండును బుట్టలోకి ఎత్తిపెడుతూ, అలవాటైన వరసలో చెప్పుకుపోయాడు.

“రాత్రి నుంచి ఏం పెట్టకుండ్రి అమ్మా. పాలు కూడ వద్దు. పొద్దున నీళ్లు వద్దు. మంచి జరగాలని నోట్ల పెరుగు చక్కెర కూడ పెట్టద్దు.”

“భలేవాడివయ్యా! కుక్కకి పెరుగూ పంచదారా ఎవరు పెడతారు బాబూ?” అని సుందరమ్మ గారు ఫక్కున నవ్వింది. “విన్నావుటే రామక్కా?”

రాజేశం తల ఎత్తాడు. ఆవిడకు తోడుగా వచ్చి ఇప్పటిదాకా బయటే ఉన్న రామక్క, చెప్పులు విడిచి అప్పుడే లోపలికి వచ్చి, గుమ్మంలో నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది.

ఆమె నవ్వలేదు. అతని ముఖం చూసింది. ఏళ్ల తరబడి జంతువుల యజమానుల ముందు ముఖం కదలకుండా ఉంచుకోవడం నేర్చుకున్నవాడు అతను. ఆ రోజు చేతకాలేదు.

సుందరమ్మ గారిని ఆటో ఎక్కించి, “నువ్వు నడువమ్మా, నేను ఎనుక నడిచొస్త,” అని రామక్క తిరిగి లోపలికి వచ్చింది. నవనీతను దాటి తిన్నగా ఎక్స్‌రే గదిలోకి పోయింది.

“కలెక్టర్ ఫొటో ఉన్నదా?”

పాత ఫిల్ములన్నీ బీరువాలో ఉన్నాయి. లేదనవచ్చు. రాజేశం బీరువా తెరిచాడు. మొదటిది లైటు పెట్టె మీద పెట్టాడు.

“ఇది తుంటిది. ఏం ఇరగలే.”

రెండోది పెట్టాడు. రామక్క దగ్గరికి జరిగింది. పొయ్యి ముందు గట్టిపడిన వేలితో ఆ ఫిల్ము కింది భాగాన్ని తాకింది.

“ఈ తెల్లగున్నది నేను పెట్టిన పెరుగా?”

“కాదక్కా. ఊపిరితిత్తులకు పట్టిన నిమ్ము.”

“నిమ్ము దేనికైంది?”

లైటు పెట్టె సన్నగా గుయ్యిమంటోంది. రాజేశం అప్రాన్ ముడి విప్పుకోసాగాడు.

“ఒక్క చెంచానే పెడుదామనుకున్న రాజేశం,” అంది రామక్క. గొంతులో ఏడుపు లేదు. “రాత్రంత ఉపాసమున్నడేమో, చెంచా నాకి గిన్నె దిక్కు చూసిండు. గిన్నె పెట్టిన. అంత నాకిండు. నాకు సంబరమైంది. గంత దెబ్బల గూడ తింటున్నడు, బతుకుతడు అనుకున్న.”

“బొట్టు నేను గూడ చూసిన అక్కా. అప్పుడన్న నాకు తట్టాలె. తాడు నీ చేతికిచ్చి పోయింది నేనే.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తె లేసొస్తడా?”

“రాడు. కని ఎవలను తిట్టుకుంట ఏడ్వాల్నో తెలుస్తుండె. ఏడాది సంది మొగిలిగాన్ని తిట్టుకుంట ఏడ్సిన. వాని పిల్లల పేరు గూడ తీసి శాపాలు పెట్టిన.” ఫిల్ము మీంచి వేలు తీసింది. “నువ్వు రోజు నా చేతి అన్నం తినుకుంట ఇన్నవ్.”

  పోయేముందు రామక్క లైటు పెట్టెను చూపించి, “అది ఆర్పు” అంది.

మర్నాడు మధ్యాహ్నం మెస్‌లో వడ్డించే పని ప్రేమ్‌సాగర్ మీద పెట్టి, రామక్క టిఫిన్ డబ్బా పట్టుకుని నారాయణగూడ ఆటో అడ్డాకు పోయింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ వినలేదు. మొగిలయ్య డబ్బా తీసుకున్నాడని, ఆమె కాళ్ల మీదికి వంగబోతే వెనక్కి జరిగిపోయాడని అడ్డాలో వాళ్లు చెప్పారు. ఖాళీ డబ్బా కడిగి తెచ్చి ఇచ్చాడు గానీ, మెస్ లోపలికి వచ్చి మాత్రం కూర్చోలేదు. “మల్లొస్త అక్కా” అనేవాడు. ఆ తర్వాత కూడా అలాగే అంటూ ఉన్నాడు.

పరీక్షల పొద్దున పెరుగు చక్కెర ఆగిపోయింది. కొత్తగా చేరిన పిల్లలు పాతవాళ్ల దగ్గర విని అడిగితే, పాలు తోడుకోలేదు బిడ్డా అనేది. ఎండాకాలంలో కూడా అదే మాట.

ఎట్టకేలకు నోటిఫికేషన్ వచ్చి, వానలు పడ్డాక రాజేశం మళ్లీ పరీక్ష రాశాడు. వయసు దాటిపోతోంది, అదే చివరిసారి అని అతనికి తెలుసు. ఆ పొద్దున చిన్న గిన్నెలో పెరుగు, పైన ఇంత చక్కెర, చెంచా, అన్నీ తనే పట్టుకుని మెస్ గడప దగ్గరికి వచ్చాడు. రామక్క బియ్యం ఏరుతోంది.

“అక్కా, నోట్ల పెట్టు.”

ఆమె గిన్నె వైపు చూసింది. చెయ్యి చాటలోంచి సగం లేచి, మళ్లీ బియ్యంలోకే పోయింది.

“నువ్వే తినుపో బిడ్డా.”

“నీ చేత్తోని పెట్టక్కా. నేనేమన్న ఆపరేషన్‌కు పోతున్ననా?”

నవ్వుతుందనుకున్నాడు. చాటలో రాళ్లు లేవు, అయినా ఆమె తల ఎత్తకుండా వెతుకుతూనే ఉంది. రాజేశం గడప మీద కూర్చుని, కలెక్టర్ పడుకునే చోట గిన్నె పక్కన పెట్టుకుని తన చెంచా తనే తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. అక్కడ సత్తు పళ్లెం ఇంకా అలాగే ఉంది.

“పోయొస్త అక్కా.”

“పైలంగ పో,” అంది రామక్క, చాటలోకే చూస్తూ.